మొదటి స్థానంలో పొట్లకాయ

తెలుగువాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వాడే మాట పొట్లకాయ అని ఒక పుస్తకంలో అచ్చయింది. ఆ తప్పు చేసింది నేనని, నా పేరు పెట్టి మరీ, ఇంకో చీటీ అచ్చువేసి ఆ పుస్తకం లోపలి అట్టకు అతికించారు. ఆ తప్పు నాది కాదు. అప్పుడూ ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెబుతున్నాను. మధ్యలో ఎందరో నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మందికి తర్వాత ప్రోగ్రాము రాయడం నేర్పింది నేనే.

1968 వేసవి సెలవులు అయిపోగానే నన్ను యూనివర్సిటీ డిస్పాచ్ సెక్షన్ నుంచి మెషీన్ గదికి, అంటే కంప్యూటరు ఉన్న గదికి, మార్చారు. హోదా ప్రోగ్రామింగ్ అసిస్టెంట్, టెంపరరీ. టెంపరరీ అంటే ఆరు నెలలకోసారి పొడిగింపు కాగితం మీద అధికారి సంతకం పడాలి. పడకపోతే పాత సీటుకే, అంటే కవర్లకు బంక రాసే బల్ల దగ్గరికే, తిరిగి వెళ్లాలి. నాకు డిగ్రీ లేదు. మెట్రిక్ తర్వాతి చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. మెషీనుతో వచ్చిన, ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రాము భాష మాన్యువల్‌ను బతిమాలి తీసుకుని, అడిక్‌మెట్‌లో నేనుండే అద్దె గదిలో అర్థమైన పేజీ ఒకసారి, అర్థంకాని పేజీ పదిసార్లు చదివాను. డిగ్రీ ఉన్నవాడికి పేరు వెనక రెండక్షరాలు ఉంటాయి. నాలాంటివాడికి చేసిన పని మీద పేరుంటేనే పేరు. అందుకే ఆ చీటీ నన్ను అంతగా మండించింది.

ఆ మాన్యువల్ ఇచ్చింది మెషీన్ గది అధికారి కిషన్ రావు సాబ్. ఉర్దూ మీడియంలో చదివిన పాత హైదరాబాదీ. కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా "ఏందయ్యా" అనే మొదలుపెట్టేవారు. రెంటిలో ఏది వచ్చిందో రెండో వాక్యం దాకా తెలిసేది కాదు.

మెషీను ఒక పెద్ద భోజనాల బల్లంత ఉండేది. దానికి చెమట పట్టకూడదని గదికి చల్లని గాలి పెట్టారు. ఆ గాలి కోసం, లెక్కలు లేని శాఖలవాళ్లు కూడా ఏదో ఒక లెక్క పుట్టించుకుని వచ్చేవాళ్లు. బోర్డు మీద పేరు రాసుకుంటే ఎవరి గంటలో వాళ్లే మెషీను ముందు కూర్చోవచ్చు. కాగితాల మీద దాన్ని సిట్టింగ్ అని రాసేవారు. మేం మాత్రం బంతి అనేవాళ్లం, పెళ్లి భోజనాల్లోలాగా. "ఇయ్యాల రెండో బంతి ఎవరిదే?" అని కార్డులు పంచ్ చేసే, అంటే మెషీను చదవగలిగేలా అట్టలకు చిల్లులు కొట్టే, యాదగిరి అరిస్తే, వరండాలో నిలబడ్డ ఏ ప్రొఫెసరో చెయ్యెత్తేవాడు.

నాకు ఒప్పజెప్పిన మొదటి పెద్ద పని తెలుగు శాఖది. పిల్లల వాచకాలు తిరగరాయడానికి ఒక కమిటీ వేశారు. జనం ఎక్కువగా వాడే మాటలు ముందు పాఠాల్లో రావాలని వాళ్ల ఆలోచన. ఏవి ఎక్కువ వాడతారో లెక్కపెట్టి చెప్పమని తెలుగు శాఖ ప్రొఫెసరు గారిని అడిగారు. ఆయన పత్రికల నుంచి, కథల నుంచి, వంటల వ్యాసాల నుంచి పేజీలు ఏరి పంపారు. మా పంచింగ్ మెషీనుకు తెలుగు రాదు గనక యాదగిరి వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో కార్డుల మీదికి ఎక్కించాడు. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చేవాడు యాదగిరి. చెయ్యి ఎంత వేగమో నోరూ అంత వేగం.

కార్డు మీద ఉన్న వాక్యాన్ని ఖాళీ కనబడిన చోటల్లా తెంచి, మాటలు విడదీసి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే ప్రోగ్రాము నేను రాయాలి. దానికి అర్రే కావాలి. అర్రే అంటే భయపడనక్కర్లేదు. డిస్పాచ్ సెక్షన్ గోడకు చెక్క గూళ్ల అలమారా ఉండేది, శాఖకో గూడు, గూటికో నంబరు. అర్రే అదే. మెషీను కడుపులో వరుసగా గూళ్లు, ప్రతి గూటికీ ఒక నంబరు. చిక్కల్లా ఆ నంబరుతోనే. ‘అమ్మ’ అనే గూట్లో ఒకటి వెయ్యి అంటే మెషీనుకు తెలియదు, పదిహేడో గూట్లో వెయ్యి అంటేనే తెలుస్తుంది.

అందుకని రెండు వరుసలు పెట్టాను. మొదటి వరుసలో మాటలు, రెండో వరుసలో వాటి లెక్కలు. కార్డు మీంచి ఒక మాట రాగానే మొదటి వరుసను ఈ చివర నుంచి వెతుక్కుంటూ పోవాలి. దొరికితే, అదే నంబరున్న రెండో వరుస గూట్లో ఒకటి కలపాలి. దొరక్కపోతే అది కొత్త మాట. ఖాళీగా ఉన్న తర్వాతి గూట్లో దాన్ని కూర్చోబెట్టి, దాని లెక్కకూ ఒకటి కలపాలి. ఇప్పటి పిల్లలు నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఇదంతా క్షణంలో చేసేస్తున్నారు. మాటనే గూటికి పేరుగా పెట్టుకుంటారు, గూడు పుడుతూనే సున్నాతో పుడుతుంది. కడగడం, తుడవడం ఏమీ లేదు. అంచేత వాళ్లకు ఈ కథలో ఏడుపెక్కడుందో అర్థం కాదు. చెబుతాను.

కొత్త మాట వచ్చినప్పుడు దాని లెక్క గూట్లో "ఒకటి కలుపు" అని రాశాను, "ఒకటి పెట్టు" అని రాయలేదు. పాత మాటకూ కొత్త మాటకూ ఒకే ఆజ్ఞతో సరిపోతుంది. మెషీను స్టోరులో, అంటే దాని జ్ఞాపకంలో, చోటు అంత పిసినారిగా ఉండేది మరి. గూడు ఖాళీగా ఉంటే కలిపినా పెట్టినా ఒకటే. గూడు ఖాళీగా ఉండాలి, అంతే. ఆ స్టోరేమో తీగలకు గుచ్చిన ఆవగింజలంత అయస్కాంతపు ఉంగరాలు. కరెంటు తీసేసినా అవి మరిచిపోవు. ఒకాయన వదిలిపోయిన అంకె ఎవరో ఒకరు తుడిచేదాకా అక్కడే కూర్చుంటుంది. తుడవడమూ కష్టం కాదు. టైపురైటరు మీద ఒక చిన్న ఆజ్ఞ కొట్టి, బొత్తాం నొక్కితే సరి. ఎవరు తుడవాలనే విషయంలో గోడకు ఒక రూలు కూడా వేలాడుతూ ఉండేది: "మెషీనును మీకు ఏ స్థితిలో అప్పగించినారో అదే స్థితిలో తరువాతివారికి అప్పగించవలెను." ఆ రూలు రాసినవారెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే నాలుగు మాటలు అడిగేవాణ్ని.

తెలుగు శాఖ కార్డులు నడిపిన రోజు నాది మధ్యాహ్నం మొదటి బంతి. నాకు ముందు బంతి సూర్యనారాయణ గారిది. గోదావరి జిల్లా నుంచి వచ్చి తార్నాకలో కాపురం పెట్టిన రీసెర్చి మనిషి. నేల అడుగున ఎంత నీరుందో లెక్క కట్టేవారు. మర్యాదకు మారుపేరు. టెంపరరీ వాణ్ని నన్ను కూడా "ఏవండీ లింగయ్య గారూ" అని పిలిచేవారు. ఆ రోజు లేస్తూ లేస్తూ జేబురుమాలు తీసి కుర్చీ తుడిచి, "దయచేయండి" అన్నారు. నేను కూర్చున్నాను. ఆయన కుర్చీ తుడిచారు, స్టోరు తుడవలేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. నీళ్ల మొత్తాన్ని, ప్రోగ్రాముకు దూరంగా, స్టోరు చివర ఒక మూల గూట్లో దాచుకునేవారు. మిగతా గూళ్లన్నీ ఉదయం తుడిచినవే. ఆ ఒక్క మూలలో మాత్రం ఒక మహా పెద్ద అంకె కూర్చుని ఉంది. నా రెండో వరుస అక్కడిదాకా సాగింది. మాటలు వచ్చిన వరసలో గూళ్లు నిండుతూ పోగా, చిట్టచివరి వంటల వ్యాసంలో ఒకే ఒక్కసారి వచ్చిన మాటకు సరిగ్గా ఆ మూల గూడు దక్కింది. ఆ మాట పొట్లకాయ. హైదరాబాదు నేల కింది నీళ్లన్నిటికీ ఒకటి కలిపి, పొట్లకాయ లెక్క చూపించింది మెషీను.

నేను చూసి ఉంటే అక్కడే పట్టుకునేవాణ్ని. కానీ లెక్క తేలిన కార్డులు అచ్చుయంత్రం మీద కాగితాలుగా దిగగానే, కట్ట కట్టి సీలు వేసి నేరుగా శాఖకు పంపాలని మా గది పద్ధతి. రాసినవాడు చూస్తే దిద్దుతాడని అనుమానం. ప్రొఫెసరు గారు అప్పుడే ఏదో సభకు బయల్దేరుతున్నారు. కట్ట విప్పకుండానే విద్యానగర్‌లోని ప్రెస్సుకు పంపారు. ప్రూఫులు దిద్దినాయన అచ్చును మెషీను కాగితంతో పోల్చి చూశాడు, అక్షరం తేడా లేదు. లోకంతో పోల్చి చూడమని ఆయనకెవరూ చెప్పలేదు.

అట్లా పుస్తకం బయటికి వచ్చింది. మొదటి స్థానం పొట్లకాయ, రెండో స్థానం ‘అని’, మూడోది ‘ఒక’. ముందుమాటలో ప్రొఫెసరు గారు అందరికీ కృతజ్ఞతలు చెప్పుకున్నారు. కమిటీవారికి, ప్రెస్సు యజమానికి, ఎండల్లో శాఖ ఫ్యాను బాగుచేసిన ఎలక్ట్రీషియనుకు కూడా. ప్రోగ్రాము ఎవరు రాశారో లేదు. "యంత్రసహాయమున" అని ఒక్క మాట ఉంది.

వారం తిరక్కుండా వాచకాల కమిటీ సభ్యుడొకాయన ప్రొఫెసరు గారిని వెంటబెట్టుకుని మా గదికి వచ్చారు. చేతిలో చుట్టచుట్టిన బొమ్మ ఉంది. ఒకటో తరగతి మొదటి పాఠానికి చిత్రకారుడు అప్పటికే గీసేశాడట. విప్పి చూపించారు. పందిరికి వేలాడుతున్న నిలువెత్తు పొట్లకాయ, దాని పక్కన ఆశ్చర్యపోతున్న ఇద్దరు పిల్లలు.

"యంత్రానికి పక్షపాతం ఉండదు కదండీ," అన్నారు ప్రొఫెసరు గారు, కొంచెం నీరసంగా.

"ఉండదండీ. కానీ నేను పొట్లకాయ తిని ఏడాదయింది. ఆ మాట అనడం కూడా మళ్లీ ఇప్పుడే," అన్నారు కమిటీ సభ్యుడు.

కిషన్ రావు సాబ్ నావైపు తిరిగారు. "ఏందయ్యా లింగయ్యా, గిదేంది? మీ ఇంట్ల పొద్దుగాల లేస్తే పొట్లకాయ, పండేటప్పుడు పొట్లకాయ అంటరా?"

నేను నేరుగా మెషీను దగ్గరికి వెళ్లాను. స్టోరు తుడిచి, అవే కార్డులు, అదే ప్రోగ్రాము మళ్లీ నడిపాను. మిగతా మాటల లెక్కలన్నీ అంతకుముందులాగే వచ్చాయి. పొట్లకాయ ఒకటి. ప్రోగ్రాములో ఒక్క కార్డు మార్చలేదు. అంటే తప్పు ప్రోగ్రాముది కాదు, ముందు తిన్నాయన వదిలిన ఎంగిలిది. ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి?

రుజువు ఎవరికీ అక్కర్లేకపోయింది. పుస్తకాలు బయటికి పోవాలి, చీటీ వెంటనే కావాలి. కిషన్ రావు సాబ్ నిలబడే నాలుగు ముక్కలు రాసి ఇచ్చారు, మర్నాటికి అచ్చయింది: "సవరణ. మొదటి స్థానమున చూపబడిన పొట్లకాయను తొలగించి చదువుకొనవలెను. ఈ పొరపాటు, ప్రోగ్రాము రాసిన శ్రీ ఎన్. లింగయ్య వలన జరిగినది."

"అన్నా, నీకు మంచిగైంది," అన్నాడు యాదగిరి. "గిప్పటిదాంక నువ్వెవలో ఎవలకు ఎరుకలే. ఇగ ప్రతి బడికి ఎరుకైతది."

"నోర్ముయ్యిరా," అన్నాను.

"మూసుకుంట గని, మా అమ్మ అడుగుతున్నది, పొట్లకాయకు నువ్వేమైతవని."

ఆ నెలాఖరుకే నా పొడిగింపు కాగితం సంతకానికి రావాలి. కిషన్ రావు సాబ్ దగ్గరికి వెళ్లి, చీటీ వెనక్కి తీసుకోవాలని అడిగాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "నువ్వు తుడ్వలేదని నువ్వే అంటున్నవు. ముందుగాల కూసున్నాయన తుడ్వలేదంటున్నవు. ఇద్దరు కూడి ఎవల పనో తేల్చుకొని రాండ్రి. దాని తర్వాత నీ కాయితం సంగతి చూద్దాం." అంటే బంక బల్ల అప్పటికే నాకోసం చెయ్యి చాచి నిలబడిందన్నమాట.

ఆదివారం పొద్దున అడిక్‌మెట్ నుంచి క్యాంపస్ మధ్యగా నడుచుకుంటూ తార్నాక వెళ్లాను, గట్టిగా అడిగేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ. సూర్యనారాయణ గారు గేటు దాకా ఎదురొచ్చారు. "సమయానికొచ్చారండీ, భోంచేసి మాట్లాడుకుందాం," అన్నారు. భోజనం ముందు దెబ్బలాట మా ఇంటా వంటా లేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

ఆయన భార్య కామేశ్వరమ్మ గారు అరిటాకులు వేసి, మంచినీళ్లు పెట్టారు. నేను పీట మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఆమెకోసం చూస్తున్నాను, ఆమె నాకోసం చూస్తున్నారు.

"ఆకు కడుక్కోండి బాబూ," అన్నారు చివరికి.

"కడిగిందే గదమ్మా?" అన్నాను.

"మేం కడిగినా, ఎవరి ఆకు వాళ్లు కడుక్కోవాలి కదా నాయనా!"

పక్కన సూర్యనారాయణ గారు అప్పటికే చెంబులో నీళ్లు చిలకరించుకుని, అరచేత్తో ఆకంతా తుడిచి, నీళ్లు అంచుకు తోసేశారు. చిన్నప్పటి నుంచీ చేసినట్టు, చూడకుండానే. నేనింకా చేతులు ఒళ్లోనే పెట్టుకుని ఉన్నాను. మా వైపు ఇంట్లో తలె, అంటే కంచం, కడిగే మన ముందు పెడతారు. పెట్టిన తలెను వాళ్ల కళ్ల ముందే మళ్లీ కడిగామంటే, నీ చెయ్యి శుభ్రం కాదని ఆ ఇల్లాలి మొహం మీద అన్నట్టే. మా మేనమామ ఒకసారి పట్నం అలవాటు చూపించబోయి అట్లా చేస్తే, మా అత్త నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడు వెలిగింది నాకు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"సార్, ఆ దినం మెషీను కాడికెల్లి లేశినప్పుడు తుడిశిన్రా?"

"లేదండీ," అన్నారాయన వెంటనే. దాచే మనిషి కాదు. "నేనెందుకు తుడుస్తానండీ? కూర్చోబోయేది మీరు. మీ చోటు మీరు తుడుచుకుంటారు. నేను తుడిచిపెడితే మీకు చేతకాదన్నట్టు ఉండదూ?"

"మీరు లేశిన్రంటే తుడిశే లేశిన్రు అనుకున్న సార్. మీ అసుంటి పెద్దమనిషి ఇచ్చిన మెషీనును మళ్ల తుడుస్తే, మీ మీద భరోసా లేనట్టుంటది గద!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కామేశ్వరమ్మ గారికి నవ్వాగలేదు. గిన్నె కింద పెట్టేశారు. "బావుంది వరస! ఇద్దరూ మర్యాదలకు పోయి తెలుగు భాషని పొట్లకాయ పాలు చేశారు!"

ఆ నవ్వు ఆగాక ఆమె నా ఆకులో వడ్డించింది పొట్లకాయ పెరుగుపచ్చడి. "మీకు పొట్లకాయంటే ప్రాణమటగా, మావారు చెప్పారు. మీరెప్పుడైనా వస్తారని తెప్పించి ఉంచాను." సూర్యనారాయణ గారు తలొంచుకుని అన్నం కలుపుకుంటున్నారు. ఆయనలో ఆ చిలిపితనం ఉందని అప్పుడే తెలిసింది. పచ్చడి బ్రహ్మాండంగా ఉంది. మళ్లీ అడిగి వేయించుకున్నాను. అయినా ఆ చీటీ సంగతి మరిచిపోలేదు.

సోమవారం ఆయన నాతోపాటు కిషన్ రావు సాబ్ ముందు నిలబడ్డారు. తుడవలేదని ఒప్పుకున్నారు. తుడవాల్సింది తను కాదని కూడా అన్నారు. గోడ మీది రూలు చూపించి, "నాకు తుడవకుండా అప్పగించారండీ, కూర్చునేముందు నేనే తుడుచుకున్నాను. నేనూ అదే స్థితిలో అప్పగించాను," అన్నారు. రూలు ప్రకారం ఆయన మాట అక్షరాలా నిజం. ఆ సరికి వరండాలో చల్లగాలికి చేరిన జనమంతా లోపలికి వచ్చి రెండు పక్షాలయ్యారు. కోస్తావాళ్లంతా కూర్చునేవాడే తుడుచుకోవాలన్నారు. మావాళ్లంతా లేచేవాడే తుడవాలన్నారు. యాదగిరి ఎటూ చేరకుండా, "రెండు దిక్కులోల్లు తుడువుండ్రి, చేతులేమన్న అరుగుతయా?" అని కేకేశాడు. దానికి ఇరుపక్షాలూ కలిసి అతన్ని కోప్పడ్డాయి.

కిషన్ రావు సాబ్ బల్ల మీద కొట్టారు. "మీ బంతి మర్యాదలు మీ మీ ఇండ్లల్ల పెట్టుకోండ్రి. మెషీనుకు ఏ జిల్లా మర్యాద తెల్వది. లింగయ్యా, ఎవలన్న కూసోనీ, ఎవలన్న లేవనీ, తుడుసుడు దానంతట అదే కావాలె. చేస్తవా? చేస్తె ఈడ ఉంటవు. చెయ్యలేనంటే చెప్పు, డిస్పాచోల్లు నిన్ను యాది చేస్తున్నరు."

అది చెప్పినంత సులువు కాదు. ప్రతి ప్రోగ్రాముకూ ముందు పెట్టే ఒక చిన్న కార్డుల కట్ట రాయాలి. అది లోపలికి పోయి స్టోరు మొత్తం తుడవాలి. కానీ తుడిచే కట్ట కూడా స్టోరులోనే కూర్చుంటుంది. మొదటిసారి నడిపితే అది చివర నుంచి అన్నీ తుడుచుకుంటూ వచ్చి, తనను తానే తుడిచేసుకుంది. దీపాలు వెలిగి మెషీను కట్టెలా నిలబడిపోయింది. యాదగిరి చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

ఇల్లు తుడిచే ఏ మనిషైనా గుమ్మం వైపుకు వెనక్కి నడుస్తూ తుడుస్తుంది. తను నిలబడ్డ చోటు మాత్రం మిగులుతుంది. ఆ మిగిలిన చోటును ఏం చెయ్యాలన్నదే ప్రశ్న. నేను కట్టను స్టోరు మొట్టమొదటి గూళ్లలో నిలబెట్టాను. తర్వాత వచ్చే ప్రోగ్రాము ఎవరిదైనా సరే, సరిగ్గా ఆ చోటే మొదట ఆక్రమించి దిగుతుంది. అంటే తుడిచినవాడి పాదాల గుర్తులను లోపలికొచ్చేవాడి పాదాలే కప్పేస్తాయి. నెలాఖరుకు ముందే అది నడిచింది. పరీక్ష కోసం సూర్యనారాయణ గారు తన నీళ్ల మొత్తాన్ని కావాలనే మూలలో వదిలి లేచారు. ఈసారి కూడా కుర్చీ తుడిచి, "దయచేయండి" అన్నారు. పొట్లకాయ ఒకటే వచ్చింది. గదిలో చప్పట్లు కొట్టారు.

కార్డుల అంచుకు ఆకుపచ్చ గీత గీసి, ప్రతి బంతికీ ముందు పెట్టాలని కిషన్ రావు సాబ్ ఆర్డరు వేశారు. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఏడాది నన్ను పర్మనెంటు కూడా చేశారు. ఆ కట్టను ‘లింగయ్య కార్డులు’ అంటారేమో అని మనసులో చిన్న ఆశ ఉండేది. జనం వాటిని పొట్లకాయ కార్డులు అన్నారు. వేరే ఊరి మెషీన్ గదులవాళ్లు అడిగి పట్టుకెళ్లారు, అక్కడా అదే పేరు. అది రాసినవాడెవడో వాళ్లకు తెలియదు.

ఈ ఉదంతం నేర్పింది ఒకటే. గూడు ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా, ఎంత పెద్దమనిషి చెప్పినా, నమ్మకూడదు. వాడే ముందు నీ సున్నా నువ్వే పెట్టుకోవాలి. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ మొదటి పని అదే. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ మొదటి పాఠమూ అదే. దీనికీ ఆ చీటీకీ సంబంధం లేదు. నేను జాగ్రత్త నేర్చుకున్నంత మాత్రాన, ఆ రోజు జరిగిన తప్పు నాదైపోదు.

అందుకే చీటీ వెనక్కి తీసుకోమని అడగడం మానలేదు. పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారని తెలిసినప్పుడల్లా అర్జీ పెట్టేవాణ్ని. కిషన్ రావు సాబ్ చదివి, మడిచి, సొరుగులో వేసి "చూద్దాం" అనేవారు. పుస్తకంలో పొట్లకాయను తీసేశారు. తీసేసిన తర్వాత కూడా, ఏ ధర్మమో తెలియదు, చీటీని మాత్రం అతికిస్తూనే వచ్చారు. ఆయన రిటైరయ్యే రోజు మెషీన్ గదిలో టీ, సమోసాలు పెట్టాం. దండ తీసి కుర్చీకి తగిలించి, ఆయన సొరుగు ఖాళీ చేసుకుంటున్నారు. నా అర్జీలన్నీ కట్టగా అందులోనే ఉన్నాయి. ఇక ఆగలేక అందరి ముందే అడిగేశాను: సార్, ఇన్నేళ్లయింది, ఇప్పటికైనా ఆ చీటీ తీసేయిస్తారా, లేదా?

ఆయన ఆ కట్ట నా చేతిలో పెట్టి అన్న మాటలివి:

"ఏందయ్యా లింగయ్యా, తీసేపిస్త, దాంట్ల ఏమున్నది. కాని ఒక్కటి ఆలోచన చెయ్యి. గా పుస్తకంల ప్రొఫెసర్ పేరున్నది, ప్రెస్సాయన పేరున్నది, ఫ్యాను బాగుజేశినాయన పేరు గూడ ఉన్నది. ‘ప్రోగ్రాము రాసిన శ్రీ ఎన్. లింగయ్య’ అని అచ్చయింది మాత్రం గా చీటీ మీద ఒక్కతాన్నే. నేనే రాసిన. ఇప్పుడు చెప్పు, తీసేపియ్యాల్నా?"